తాగని తూలుడు

నాయనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నిన్న తిరుపతిలో, మెదడు మీద పరిశోధన చేసే డాక్టరమ్మకు నీ తూలే నడక, నిలకడలేని చేతుల సంగతి చెప్పాను. మెదడులో ఒక రకం కణాలే చచ్చిపోయే జబ్బట. జన్యువుల్లో ఉండి, తండ్రి నుంచి బిడ్డకు రావచ్చట.

"తాగుడు కాదామ్మా?" అని గట్టిగా అడిగాను.

"ఒక్క చుక్క తాగకపోయినా అట్నే తూలతారప్పా," అంది.

బంగారుపాళ్యం బస్టాండులో సారా వద్దనే కరపత్రం నీ చేతిలో పెట్టి, పదిమందిలో నిన్ను తాగుబోతన్నాను. "నేను తాగలేదురా అబ్బోడా, కాళ్ళే మాట ఇనడంల్యా," అన్నావు. నేనూ వినలేదు.

నాకూ వణుకుందేమో చూడ్డానికి డాక్టరమ్మ నా చేతులు చాపించి, పైన పెట్టడానికి కాగితం అడిగింది. నువ్వు పోయాక నీ చొక్కాలో దొరికిన ఆ కరపత్రమే నా జేబులో ఉంది. నిన్నటికైతే అది కదల్లేదు.