అమ్మ తెల్లగుడ్డ

గ్రెనోబుల్

చెల్లెమ్మా ఒడీల్,

ఫోనులో నా గొంతు పీలగా వినిపించేసరికి, చేతుల వణుకు ఆపడానికి నా తలలో పెట్టిన తీగలు పాడైపోయాయనుకుని, మీ అమ్మాయి మార్గో పెళ్లి విందు బల్లకి ఆ పాత రెక్సిన్ గుడ్డ బయటికి తీశావట. తీగలకేం కాలేదు, పిచ్చిదానా! ఆపరేషనైన పదిహేనేళ్లకు ఈ వణుకుడు జబ్బు గొంతునూ కాళ్లనూ పట్టుకుంది. వాటి మీద ఆ తీగల కరెంటు అంతగా పనిచేయదని డాక్టరమ్మ ముందే చెప్పింది. చేతులు మాత్రం నిబ్బరంగా ఉన్నాయి.

కాబట్టి నా బదులు ఉపన్యాసం మీ ఆయన్ని చెప్పమను. నాన్న నేర్పిన అక్రోటు వైను మాత్రం మేనమామగా నేనే పోస్తాను. కూర్చునే పోస్తాను, గ్లాసులు నా దగ్గరికి పంపండి. "బావా, పోసేది గ్లాసులోకా, గుడ్డమీదికా?" అని ఆపరేషనుకి ముందు ఏడిపించిన మీ ఆయన గ్లాసు అంచుదాకా నింపుతాను.

అమ్మ తెల్లగుడ్డ ఇస్త్రీ చేసి పరిచి ఉంచు.

నీ అన్నయ్య