పిలిస్తే తిరగని కమల

మార్చి 4, 1945. చిత్తూరు.
నువ్వు అబద్ధాలకోరువి. ఈ నోటుబుక్కు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే, కాబట్టి ఎవర్ని అంటున్నానో సందేహం అక్కర్లేదు. ఊరూరా బల్లలెక్కి "కళ్లు తెరవండి" అని అరుస్తావు. ఇంట్లో నాలుగేళ్ల కూతురు ఒక్కసారీ నీ కళ్లలోకి చూడలేదు. అది నీకు కనపడలేదు. సుబ్బమ్మకు కనపడింది. ఏడాది కిందటే చెప్పింది — "పిలిస్తే తిరగదయ్యా. ఏం కావాలన్నా నా చెయ్యి పట్టుకోని దాని మింద పెడతాది. నా మొగం మాత్రం సూడదు."
నువ్వేమన్నావు? "నేనూ ఆలస్యంగానే మాట్లాడినాను. నీ పిచ్చి భయాలు కట్టిపెట్టు." పెళ్లానికి అది జవాబట!

మార్చి 9
కమల చింతగింజలు వరస పెడుతోంది. గడప నుంచి పొయ్యి దాకా. ఒక గింజను కాలితో పక్కకు జరిపాను — ఊరికే, ఏం చేస్తుందో చూద్దామని. గంట సేపు ఏడుపు. తల గోడకేసి కొట్టుకుంది. గింజ మళ్లీ దాని చోటికి వచ్చాకే ఆగింది.
సుబ్బమ్మ నన్ను చూసిన చూపు... రాయను.

మార్చి 17
పాకాల సభ సంగతి. మూడు రోజులుగా రాయకుండా తప్పించుకుంటున్నాను.
నా ఉపన్యాసం కమల నోట పొల్లుపోకుండా వస్తుంది. మధ్యలో నా దగ్గుతో సహా. నాయనా అని పిలవని పిల్ల "జుట్టు కోసి ఇస్తే దేవుడు లొంగుతాడా?" అని గర్జిస్తుంది. నేను మురిసిపోయాను. సుబ్బమ్మ వద్దంటున్నా సభలో బల్ల మీద నిలబెట్టాను. అంతా అప్పజెప్పింది. చప్పట్లు. రెండు చెవులూ మూసుకుంది. సిగ్గనుకున్నాను — మూర్ఖుణ్ణి.
ముందు వరసలో బెల్లం మండీ ఆయన అడిగాడు — "నీ పేరేంది పాపా?"
"నీ పేరేంది పాపా?" అంది కమల.
"మీ నాయన యాడ?"
"మీ నాయన యాడ?"
"అబ్బా! బిడ్డను కన్లేదప్పా ఈయన, సిలకను పెంచినాడు!"
సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. రాయాల్సింది ఇదే. నేనూ నవ్వాను.

మార్చి 18
రాత లేదు.

మార్చి 26
డాక్టరు దగ్గరికి వెళ్లాం. వెనక నిలబడి గంట కొట్టాడు. కమల తిరగలేదు. "చెవుడు" — చీటీ రాసేశాడు. సుబ్బమ్మ కొంగుముడి విప్పి ఒక్క చింతగింజ నేల మీద వదిలింది. టక్. కమల గిరుక్కున తిరిగింది.
డాక్టరుకు ఒళ్లు మండింది. "చెవుడు" కొట్టేసి "మందబుద్ధి" అని రాశాడు. రెండు జబ్బులు, అయిదు నిమిషాలు!
తరవాత నన్నొక్కణ్ణే వరండాలోకి పిలిచాడు. మద్రాసులో ఇలాంటివాళ్లను ఉంచుకునే చోటు ఉందట. "వదిలేసి రండి. ఇంకో బిడ్డను కనండి."
కొట్టాల్సింది. ఎలా వెళ్లాలని అడిగాను.
సుబ్బమ్మకు చెప్పలేదు.

ఏప్రిల్ 3
మదనపల్లె సభ ముగించుకుని ఇల్లు చేరాను. కమలకు గుండు. తల నిండా గంధం, గంధం కింద రెండు గాట్లు. నేను లేని సమయం చూసి అమ్మ తిరుపతి కొండకు తీసుకుపోయి మొక్కు తీర్చుకుంది.
"గాలి సోకిండాదిరా బిడ్డకు. నలుగురం అదిమి పట్టుకుంటే గాని మంగలికి తల ఇయ్యలా."
అరిచాను. ముప్పై ఏళ్ల వాదమంతా అమ్మ నెత్తిన కుమ్మరించాను. కమల మూలన కూర్చుని, గోడకేసి ఊగుతూ, నా గొంతుతోనే అంది — "జుట్టు కోసి ఇస్తే దేవుడు లొంగుతాడా?"
అమ్మ అప్పుడు ఏడ్చింది. "నువ్వు బల్లెక్కించినావు, నేను కొండెక్కించినాను. బిడ్డను అడిగినామా ఇద్దరం? యేందిరా నీకూ నాకూ తేడా?"


ఏప్రిల్ 5
స్త్రీ విద్య మీద పుస్తకం వేసినవాణ్ణి. నా భార్యకు అక్షరం రాదు. కమలను మద్రాసులో పెద్ద డాక్టరుకు చూపిద్దామనుకున్నాం; దాని సంగతులు తను చెప్పింది, ఆయనకు ఇవ్వడానికి నేను రాశాను. ఎత్తుకోమని ఎన్నడూ చేతులు చాపలేదు. వేలెత్తి దేన్నీ చూపించలేదు. రెండో ఏట అమ్మా, అత్తా అనేది — ఆ మాటలు పోయాయి. ఒకే గిన్నె, ఒకే చోటు. మారిస్తే తినదు.
"ఎప్పట్నించి తెలుసు నీకు?"
"పాలు తాగేటప్పుడే. కండ్లెత్తి సూసేది కాదు."

ఏప్రిల్ 11
రేపు పొద్దున మద్రాసు బండి. కమల బట్టలు సర్దుతూ సుబ్బమ్మ, తల ఎత్తకుండా — "ఆపొద్దు వరండాలో ఆయన ఏం సెప్పినాడో నాకు తెలుసు. ఆడ కూడా అదే సెప్తే, సరే అంటావా?"
బూట్లు తుడుస్తూ ఉండిపోయాను.
"కాగితం తియ్. రాయి" అంది. రాశాను.

డాక్టరు గారికి:
1. గంటలు కొట్టవద్దు.
2. తల్లి చెప్పేది ముందు వినాలి. తండ్రి ఉపన్యాసం తరవాత.
3. పొద్దున నుంచి సాయంత్రం దాకా పిల్లను చూడాలి.
4. అదిమి పట్టుకోకూడదు.
5. జబ్బు పేరు తెలియకపోతే తెలియదనే రాయాలి.
6. వదిలిపొమ్మని తండ్రిని ఒంటరిగా పిలిచి అడగకూడదు.