నాలుగో నంబరు చేప కనబడకపోవుట గురించి

మెదక్,
తేది: 18-8-2025

మున్సిపల్ కమిషనర్ గారి దివ్య సముఖమునకు,
బస్టాండు రోడ్డు పంక్చర్ షాపు గులాం మొహియుద్దీన్, వయస్సు 61 సంవత్సరాలు, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా షాపు నీళ్ల తొట్టిలో ఏడవ తరగతి పిల్లలు వదిలిన ఏడు చేపలలో ఒకటి కనబడకపోవుట - అందులో నా ప్రమేయం లేదని విన్నవించుకొనుట - నా మనుమరాలు నాతో మాట్లాడునట్లు తగు ఉత్తర్వులు కోరుట - గురించి.

1. మా వాడ బడిలో ఎలిశిబా టీచరమ్మ గారు ఏడవ తరగతికి దోమల పాఠం చెప్పి, అంతటితో ఊరుకోక, "పుస్తకంల దోమను చూస్తే ఏమొస్తది? వాడల దోమను పట్టుండ్రి" అని పిల్లలను వీధిలోకి పంపినారు. ప్రతి శుక్రవారం పన్నెండు మంది పిల్లలు నోటుబుక్కు, టార్చిలైటు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, నిలవ నీరు ఎక్కడ కనబడితే అక్కడ ఒలకబోసి, లెక్క రాసుకొని పోవుదురు. సదరు దళానికి నాయకురాలు మహీన్. ఆమె నా మనుమరాలు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, ఇక్కడ ఇంటి పోలీసు నన్ను మొదటి వారమే పట్టుకున్నది.

2. పంక్చర్ షాపుకు నీళ్ల తొట్టి ఎందుకో తమకు తెలియనిది కాదు. ట్యూబులో గాలి నింపి నీళ్లలో ముంచితే, చిల్లు ఉన్నచోట బుడగలు వచ్చును. నీళ్లు లేనిదే చిల్లు దొరకదు. అట్టి తొట్టిని జూలై నెలలో వరుసగా మూడు శుక్రవారాలు బోర్లించినారు. మూడవసారి, పాపన్నపేటకు పిల్లను చూడబోతున్న ఒక పెళ్లికొడుకు బండి ట్యూబు నా చేతిలోనే ఉన్నది. మళ్లీ తొట్టి నింపేసరికి రాహుకాలం వచ్చినది. ఆయన నన్ను అన్న మాటలు అర్జీలో రాయదగినవి కావు.

3. ఇవి నీళ్లు కావు, పనిముట్టు అని నేను వాదించితిని. హర్షిత్ అను పిల్లవాడు తొట్టిలోకి టార్చి వేసి, "మరి గివేంది తాతా?" అని అడిగినాడు. దుమ్ము అన్నాను. "దుమ్ము ఈత కొడ్తదా తాతా?" అన్నాడు. టార్చి ఆర్పమన్నాను.

4. పిమ్మట రాజీ కుదిరినది. తొట్టి నాకు, అందులో దోమ పిల్లలను తినే ఏడు చేపలు వారికి. ఆగస్టు ఒకటో తేదీన టీచరమ్మ గారి సమక్షంలో చేపలు నా అధీనంలోకి వచ్చినవి. షరతులు ఏమనగా, సబ్బు వాడరాదు, గ్రీజు అంటిన ట్యూబు తుడవనిదే ముంచరాదు, చేపలకు బిస్కెట్టు ముక్కలు వేయరాదు. కింద నా సంతకం ఉన్నది. చదవకుండానే పెట్టినాను. చదివినా పెట్టేవాడినే, కాగితం మహీన్ చేతిలో ఉన్నది గనుక.

5. ఇప్పుడు ట్యూబు ముంచితే బుడగ వచ్చిన చోటికి చేపలన్నీ ఉరికి వచ్చి మూగుచున్నవి. చిల్లు కనబడదు, చేపలే కనబడును. గిరాకీలు బండి సంగతి మరిచి తొట్టి చుట్టూ కూర్చుంటున్నారు. నిన్న వచ్చిన ఒకాయనకు పంక్చరే లేదు.

6. వాడలో దోమలు తగ్గిన మాట వాస్తవం. ఇది ఫిర్యాదు కాదు. అంకె వేసేశాను కాబట్టి ఉండనిచ్చినాను.

7. ఇక అసలు బాధ. రోజూ సాయంత్రం నాలుగున్నరకు పిల్లలు వచ్చి చేపలకు హాజరు వేయుదురు. నాకు ఏడూ ఒక్క తీరే కనబడును. ఏది ఎన్నో నంబరో వారికి మాత్రం తెలియును. మొన్న పద్నాలుగో తేదీన నాలుగో నంబరు హాజరు కాలేదు. తొట్టి అడుగుదాకా గాలించినారు. ఆ తర్వాత పన్నెండు మందీ తలలెత్తి నన్ను చూసిన చూపు పోలీసు ఠాణాలో కూడా ఉండదు. "నాకేం తెల్వదు బిడ్డా" అన్నాను. "అందరు గట్లనే అంటరు దాదా" అన్నది మహీన్. అదే ఆమె నాతో ఆడిన ఆఖరి మాట. నాలుగు రోజులైనది. ఛాయ్ తెచ్చి స్టూలు మీద పెట్టి, గోడను చూస్తూ పోవుచున్నది. ఛాయ్‌లో చక్కెర సరిగ్గానే ఉన్నది గాని, నాకు తాగబుద్ధి కావడం లేదు.

8. ఈ నెల 22న పిల్లలు వారి నివేదికను తమరికి సమర్పించనున్నారు. అందులో "సంరక్షకుని నిర్లక్ష్యం" అను శీర్షిక కింద నా పేరు ఒక్కటే ఉన్నట్లు తెలియవచ్చినది. చేపను నేను తినలేదు. అది నా చిటికెన వేలిలో సగం కూడా లేదు. కాకి మీద నాకు బలమైన అనుమానం కలదు.

కావున తమరు దయతలచి, కాకిని విచారించి, నన్ను నిర్దోషిగా ప్రకటించి, మనుమరాలి మాటలు పునరుద్ధరింపజేయవలసిందిగా ప్రార్థన. న్యాయం నా పక్షాన ఉన్నదని చిత్తగించవలెను, 22వ తేదీకి ముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గులాం మొహియుద్దీన్,
ఆరు చేపల సంరక్షకుడు.

తా.క.: పైదంతా ముత్యాల్లాంటి చేతిరాతలో ఉండడం చూసే ఉంటారు. నా రాత కోడి గీకినట్లు ఉంటుంది కాబట్టి, నేను చెబుతుంటే మహీన్ రాసిపెట్టింది, నోరు విప్పకుండా. ఇప్పుడు బడికి పోయింది. ఈ కింది నాలుగు ముక్కలు నావి.

"కాకి" అన్న మాట ఆమె రాస్తుండగా నాకు అసలు సంగతి గుర్తొచ్చింది సార్. పద్నాలుగో తేదీ పొద్దున మా వాడ గాలయ్య నా షాపు ముందు ట్రాక్టర్ ఆపి, "భాయ్, ఇంజన్ గరమైంది, జర నీళ్లు పొయ్యి" అన్నాడు. నేను పరధ్యానంలో తొట్టిలోంచి ఒక మగ్గు ముంచి రేడియేటర్‌లో పోశాను. ఇందాక ఫోన్ చేసి బండి ఎట్లుందని అడిగాను. "ఏం పోసినవో గని భాయ్, మస్తు నడుస్తుంది" అన్నాడు.

మహీన్ మాత్రం మిగతా పిల్లలు పోయాక కూడా తొట్టి పక్కనే కూర్చొని మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. మూడు దాకా చెప్పి, ఆగి, నీళ్లలోకి చూస్తూ ఉంటుంది. దాన్ని అట్లా చూస్తుంటే నా పానం ఉసూరుమంటుంది సార్.

పైన అడిగిన న్యాయం నాకు వద్దు. అబద్ధం నిలబెట్టుకోవాలంటే అదే సైజు చేప ఒకటి కావాలి. నిజం చెప్పాలంటే ధైర్యం కావాలి. నా దగ్గర రెండూ లేవు. తమ ఆఫీసులో ఏది స్టాకు ఉంటే అది, ఇవాళ నాలుగున్నరలోపు పంపించండి.