తలకిందుల బొమ్మ

నాయనా,

సజ్జసంకటి కుండలో ఉంది, మజ్జిగ పక్కనే పెట్టాను. మధ్యాహ్నం మిరపచేను నుంచి వచ్చాక మేకకు నీళ్లు పెట్టు. నేను కోవిల్‌పట్టికి జపనీస్ క్లాసుకు వెళ్తున్నాను.

కిటికీకి వేలాడే తెల్లగుడ్డ బొమ్మను పారేయవద్దు. జపాన్‌లో వానాకాలంలో పిల్లలు వాన ఆగాలని అలాంటిది కడతారని టీచర్ చెప్పింది. వాన పడితే మన నల్లరేగడి దారిలోకి బస్సు రాదు, నాకు క్లాసు పోతుంది. అందుకే కట్టాను. నన్ను పలకరించేవాళ్లు ఉన్నది అక్కడే.

"మిరపచెట్లు వానకని నోరు తెర్సుకోని ఉండాయి, నువ్వు దాన్ని పొమ్మనేదానికి బొమ్మ కడ్తివా పాపా?" అన్నావు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. అమ్మ టపాసుల ఫ్యాక్టరీ నుంచి వచ్చి అలసిపోయి పడుకుంటుంది. పాఠం గోడకే అప్పజెప్పుకుంటున్నాను.

ఈ పొద్దున బొమ్మను విప్పి తలకిందులుగా కట్టాను. అలా కడితే వానను రమ్మని పిలిచినట్టట. నువ్వు చూసి సరిచేయవద్దు.

శివరంజని

వాన వస్తే సాయంత్రం బస్సు మెయిన్ రోడ్డు మీదే దించేస్తుంది. గొడుగు తీసుకుని రా నాయనా. ఇంటిదాకా తిడుతూ నడిచినా సరే.