నలభై ఒక్క వేలిముద్రల అర్జీ

ఇబ్రి, ఒమన్
3 ఫిబ్రవరి 1978, శుక్రవారం

పూజ్యులైన నాన్నగారికి,

కునుకెరగని కాపరి అయిన దేవుడి కాపుదలలో అక్కా నేనూ ఇక్కడ క్షేమం. తోట కావలివాడి ఇంట్లో పుట్టినదాన్ని కదా, ఆ మాట రాసేటప్పుడల్లా ఆయనకంటే ముందు మీరే కళ్లముందుకొస్తారు. తప్పయితే ఆయనే క్షమిస్తాడు. అమ్మకూ, పేటలో నన్ను అడిగినవాళ్లందరికీ వందనాలు చెప్పండి.

ఈ రోజు నిద్ర లేస్తూనే ఒక వింత. ఆసుపత్రి గేటు కాపలాదారు ఇనాయత్ చాచా మా క్వార్టరు తలుపు కొట్టి, నిన్న మస్కట్ బండిలో నీకో కవరు వచ్చింది బేటీ అన్నాడు. చూస్తే మీ పేరు. అయిదు నెలల తర్వాత మీ దగ్గర నుంచి ఉత్తరం. చెప్పులు కూడా వేసుకోకుండా వాకిట్లోనే చింపాను.

చదివితే అది కామందుగారి గుమాస్తా రాత. "తెలియజేయునదేమనగా" అని మొదలైంది. మీరు నాకు ఎన్నడూ ఏదీ తెలియజేయలేదు నాన్నా, పిలిచి చెప్పేవారు. రెండు పేజీల ఉత్తరంలో చివరనున్న "మణీ, వేళకు తింటున్నావా" అన్న ముక్క ఒక్కటే మీది. దాన్ని గుమాస్తాగారు ఎలా రాయనిచ్చారో గానీ, పొద్దుటినుంచి దాన్నే చదువుకుంటున్నాను.

మన ఉత్తరాలు కామందుగారి అరుగు మీద పడి, అక్కడ విప్పబడి మీకు అందుతాయని నాకు తెలుసు. అందుకే ఇది పాస్టరు మనోహరంగారి పేర వస్తుంది. ఆయన తెచ్చి మీ చేతికే ఇస్తారు. ఎవరి చేతా చదివించుకోకండి. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు మీకు చాలు. కూడబలుక్కుంటూ మెల్లగా చదవండి. ఈ మధ్య నాకు పెద్ద పెద్ద మాటల మీద పిచ్చి పట్టింది. అక్క కొనిచ్చిన నిఘంటువులోంచి రోజుకు పది మాటలు నేర్చుకుంటున్నాను. పొద్దున వార్డులో రోగుల జ్వరాలు చూసి రాసుకోవడం, మధ్యాహ్నం పోస్టులో వచ్చే బి.ఏ. పాఠాలు, మిగిలిన పొద్దంతా మాటలు. నిద్రలో కూడా నిఘంటువు వల్లిస్తున్నానని అక్క వెక్కిరిస్తుంది. కానీ ఈ ఉత్తరంలో మీరు తడబడాల్సిన మాట ఒక్కటీ వేయలేదు.

ఇక మీరు పంపిన అర్జీ నకలు సంగతి. మన గుడి సంఘంవాళ్లు కలెక్టరుగారికి పెట్టుకున్నది. ఈ నెల ఇరవై అయిదున ఓట్లు గనక, ఆ లోపల ఊళ్లో లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషనులో పెట్టించాలని ఒక కోరిక. లైసెన్సు ఎవరిదో వాళ్లే తప్ప వాళ్ల పనివాళ్లు తుపాకి పట్టకుండా చట్టం మార్చాలని ఇంకో కోరిక. కింద నలభై ఒక్క వేలిముద్రలు. రాసినవాళ్ల పేరు లేదు. పాస్టరుగారిని ఎన్ని విధాల అడిగినా పెదవి విప్పడం లేదట. నేను చదువుకున్నదాన్ని గనక భాష చూసి ఎవరిదో పట్టుకోవాలని, లేకపోతే తోట కావలీ, ఉంటున్న ఇల్లూ రెండూ పోతాయని కామందుగారు అన్నట్టు రాయించారు.

మీరు అడిగారు గనక పాఠం చదివినట్టే చదివాను. మొదట్లో "విన్నవించుకొనుచున్నాము" అని ఉంది. పైవాళ్లకు రాసేటప్పుడు నడుం అంత వంచాలని ఎవరో నేర్పి ఉంటారు. రెండో పేరాకి వచ్చేసరికి అది "కోరుతున్నాము" అయింది. మూడోదానిలో వట్టి "అడుగుతున్నాం". రాస్తూ రాస్తూ ధైర్యం తెచ్చుకున్నారన్నమాట. "సదరు" అనే మాట నాలుగుచోట్ల ఉంది. రెండుచోట్ల అక్కర్లేదు. కొత్తగా నేర్చుకున్న మాటను ఎక్కడపడితే అక్కడ పెట్టుకున్నట్టుంది, కొత్త గాజులు వేసుకున్న పిల్ల చేతులు ఊపుకుంటూ నడిచినట్టు.

గుమాస్తాగారు ఎర్రసిరాతో గీత గీసిన వాక్యం ఒకటుంది. "లైసెన్సు గల చెయ్యి నీడలో ఉంటుంది, తుపాకి మోసే చెయ్యి ఎండలో ఉంటుంది, నేరం ఎప్పుడూ ఎండలోని చేతికే అంటుకుంటుంది." ఇది మిమ్మల్ని తిట్టడమేనని మీకు చెప్పి ఉంటారు. నాకలా అనిపించలేదు నాన్నా. ఆ రాసిన మనిషికి ఎండలోని చెయ్యి మీద కోపం లేదు. ఆ చేతిని ఎలాగైనా నీడలోకి లాక్కోవాలని ఆరాటం ఉంది. మళ్లీ ఒకసారి చదివి చూడండి.

ఆరేళ్ల కిందట ఓట్లనాడు బడి ముందు వరసలో అమ్మ పక్కన నేనూ ఉన్నాను. నాకు పదిహేనేళ్లు. మీరు బడి గోడ దగ్గర కామందుగారి తుపాకితో నిలబడ్డారు. ఆయన చెయ్యెత్తారు. మీరు ఆకాశంలోకి పేల్చారు. చెప్పులు వదిలేసి అందరూ తలోదిక్కూ పరుగెత్తారు. అమ్మ మాత్రం పరుగెత్తలేదు. మిమ్మల్ని ఒకసారి చూసి, నా చెయ్యి పట్టుకుని, రోజూ నడిచినట్టే నడిచి ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం మళ్లీ వెళ్లినవాళ్లతో మీ ఓట్లు పడిపోయాయి పొమ్మన్నారు. ఆ రోజు మీరు అన్నం తినలేదు. ఎందుకని నేను అడగలేదు. అడగడానికి అప్పుడు నా దగ్గర మాటలు లేవు. పోయినేడు మార్చిలోనూ మిమ్మల్ని అక్కడే నిలబెట్టారని, అప్పుడు పేల్చే పనే లేకుండా మిమ్మల్ని చూసే జనం వెనక్కి తిరిగారని పాస్టరుగారు రాశారు. మీకు ఓటు వచ్చి పాతికేళ్లు దాటింది. ప్రతిసారీ పోలింగు బూతు దాకా వెళ్లారు. ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు.

నకల్లో పేర్లు కూడా దించారు, చూశారు కదా. మూడోది అమ్మది.

ఇక్కడి సంగతి ఒకటి చెబుతాను. ఈ ఊరి పెద్దవాళ్లకు భుజాన తుపాకి, మనవాళ్లకు కండువా లాంటిది. సంతకు పోయినా, పెళ్లికి పోయినా ఉండాల్సిందే. ఆసుపత్రికి కూడా దానితోనే వస్తారు. ఇనాయత్ చాచా గదిలో గోడకు వరసగా మేకులున్నాయి. తుపాకి అక్కడ తగిలించి, నంబరున్న రేకుబిళ్ల పట్టుకుని లోపలికి రావాలి. పోయిన వారం ఒక ముసలాయన కోడలిని పురిటికి తెచ్చాడు. తుపాకి ఇవ్వనని గేటు దగ్గరే భీష్మించాడు. పుట్టి బుద్ధెరిగాక అది లేకుండా తననెవరూ చూడలేదన్నాడు. మీలాగే పొడుగు మనిషి, మీకులాగే ఎడమ భుజం కొంచెం కిందికి. చాచా గద్దించలేదు. వచ్చీరాని అరబ్బీలో ఆయనతో అన్నదాన్ని నాకు తర్వాత హిందీలో చెప్పాడు.

"బాబా, లోపల నువ్వు కాపలా కాయాల్సింది ఏదీ లేదు. అక్కడ అందరూ కూర్చునేవాళ్లే. నీకూ ఒక కుర్చీ ఉంది."

ముసలాయన చివరికి భుజం నుంచి దించి ఇచ్చాడు. వచ్చి కూర్చుని అస్తమానం ఎడమ భుజం తడుముకుంటూనే ఉన్నాడు. నేను మంచినీళ్లు ఇచ్చాను. గంట తర్వాత అక్క ఆయన మనవడిని తెచ్చి అందిస్తే రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. తుపాకి ఇచ్చేటప్పుడు వీళ్లకు సిగ్గుగా ఉండదా అని చాచాను అడిగాను. ఉంటుంది, పది నిమిషాలు ఉంటుంది అన్నాడు.

మీరు ఆ కుర్చీలో కూర్చోవాలని నాకెంత ఉందో చెప్పడానికి నిఘంటువంతా వెతికాను. దొరకలేదు.

ఇక్కడ శుక్రవారం సెలవు గనక మా ఆదివారం శుక్రవారమే వస్తుంది. ఇందాక అక్క గదిలో తొమ్మిదిమంది నర్సులం చేరి ప్రార్థన చేసుకున్నాం. ఎవరి ఊరి ఓట్ల కోసం వాళ్లు ప్రార్థించారు. నాకు ఇరవై ఒకటి నిండిందని పాస్టరుగారు జాబితాలో నా పేరు రాయించారు. ఈ ఇరవై అయిదున వేయాల్సింది నా మొదటి ఓటు. ఆ పూట మన పేటవాళ్లంతా గుడిలో ప్రార్థన ముగించి పాట పాడుకుంటూ బడికి నడుస్తారట. నాకు ఆ పాట వినబడదు. ఆ దారి దుమ్ము నా కాళ్లకు అంటదు. కళ్లు మూసుకుంటే వరసలో మీ వీపు వెనక నిలబడ్డట్టుంటుంది. మీ చొక్కా చెమట వాసన కూడా వస్తుంది. కళ్లు తెరిస్తే కిటికీలోంచి రాళ్లకొండ.

ఈ ఉత్తరం తెచ్చే పోచన్న కరీంనగర్ వైపు తాపీమేస్త్రీ. ఇక్కడ కొత్త బడి కడుతున్నాడు. మూడేళ్ల తర్వాత రేపు ఇంటికి బయల్దేరుతున్నాడు. వాళ్లావిడ దేవవ్వకు ఆయన ఉత్తరాలు రాసిపెట్టేది నేనే. కిందటి నెల ఉత్తరంలో, ఈసారి నీ ఓటు నువ్వే వేసుకో అని ఆయన చెప్పని మాట ఒకటి చేర్చాను. చదివి వినిపించేటప్పుడు పట్టుకున్నాడు.

"నేను చెప్పని ముచ్చట నా ఉత్తరంలకెట్ల జొచ్చింది బిడ్డా? మొగడు అక్కడ లీడరయిండని దేవవ్వ నవ్వుతది."

కొట్టేస్తానని కలం తీశాను. ఆయన ఆగమన్నాడు. పోయినసారి ఆమె ఓటు దొర మనుషులే వేసేసుకున్నారట.

"ఉంచు. ఆమెది ఆమెనే ఎయ్యాలె. కింద ఎప్పటి లెక్కనే మా మేక సంగతి గూడ రాయి, లేకుంటే నేను రాపిచ్చిన్నంటే నమ్మది."

రేపు ఆయన బొంబాయిలో దిగి దీన్ని పోస్టులో వేస్తాడు. ఓట్లకు వారం ముందే మీకు చేరాలి.

ఆ ఉదయం కామందుగారు తుపాకి అందిస్తే ఏం చేయాలో చెప్పేంత పెద్దదాన్ని కాను. వద్దంటే ఇల్లు పోతుందని నాకూ తెలుసు. ఆ ఇంటి చూరు కిందే నేను అక్షరాలు దిద్దాను. అక్కతో చెప్పాను. ఇల్లు పోతే ఇంకో ఇల్లు చూసుకుందాం, నాన్న పోకూడదు అంది. మీ చిన్నబిడ్డగా నేను కోరేది ఒక్కటే. ఒక్కసారి, ఉట్టి చేతులతో, వరసలో అమ్మ పక్కన నిలబడండి. లోపలికి వెళ్లి ఎవరికి వేస్తారో మీ ఇష్టం, కామందుగారు చెప్పినవాడికే వేసినా సరే. వేసేది మీరు కావాలి.

వేళకు తింటున్నాను. మీరూ తినండి.

మీ మాట కోసం కాచుకుని ఉన్న
మణికుమారి

తా.క. మీరు అడిగినదానికి ఇంకా జవాబు చెప్పనే లేదు. ఇన్ని పేజీలు చుట్టూ తిరిగాను. అర్జీ రాసింది నేనే నాన్నా.

నవంబరులో పాస్టరుగారు జరిగినవన్నీ రాసి, వీటిని పద్ధతిగా కూర్చిపెట్టమన్నారు. వారం రోజులు రాశాను. ఆ నాలుగు "సదరు"లూ నావే. ఎండలోని చెయ్యి నేను మరిచిపోలేని చెయ్యి. పేరు పెట్టకపోవడం మీ మేలు కోసమే అని పాస్టరుగారితో అన్నాను. అది అబద్ధం. మీకు కోపం వస్తుందేమోనని భయపడ్డాను. ఎదురుగా నిలబడి చెప్పలేనిదాన్ని నలభై ఒక్కమంది వెనక దాక్కుని చెప్పాను. అమ్మ వేలిముద్ర వేసిన కాగితం మీద నేను నా పేరు కూడా రాయలేదు.

ఇప్పుడు నా మూలంగా పాస్టరుగారు అరుగు ముందు నిలబడుతున్నారు. అలా జరగకూడదు. కామందుగారు అడిగితే దాచకండి, నా పేరు చెప్పండి.

పోచన్న బండి రేపు పొద్దున ఆరింటికి మా గేటు ముందు ఆగుతుంది. నేను నాలుగింటికే లేచి అర్జీని మళ్లీ మొదటినుంచి రాస్తాను, ఈసారి "అడుగుతున్నాం" అనే మొదలుపెట్టి. కింద నా పేరు పెట్టి, దాని పైన మీ సంతకం పట్టేంత చోటు వదిలి, ఈ ఉత్తరంతోపాటు ఆయన చేతికిస్తాను.