తనంత తానే తెరుచుకునే కత్తెర

సోలాపూర్,
20 జనవరి 1957, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు సిద్ధరాములుకు నీ అక్క శాంత ఎన్నో దీవెనలతో రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నాయన, అమ్మ, మీ బావ, నేను అందరం క్షేమం. బొంబాయిలో నువ్వు వేళకు తింటూ, ఒంట్లో నలత లేకుండా ఉన్నావని తలుస్తాం. అమ్మ బాగుందని ఈసారి నిజంగానే రాస్తున్నాను. ఇలా ఎందుకు అంటున్నానో ముందుకు చదివితే నీకే తెలుస్తుంది. మధ్యలో ఆపి కోపం మాత్రం తెచ్చుకోకు.

సిద్ధేశ్వరుని జాతర బాగా జరిగింది. జాతరకు వచ్చిన చుట్టాలు ఇంకా కొందరు వాడలోనే ఉన్నారు. నాయన మగ్గం మీద ఇప్పుడు ఎర్ర అంచు చద్దర్లు నడుస్తున్నాయి. మీ బావకు మిల్లులో పొద్దుటి షిఫ్టు దొరికింది కాబట్టి మధ్యాహ్నానికల్లా ఇంటికి వస్తున్నాడు. నేను ఎప్పటిలాగే ఇంటి పని కాగానే అమ్మ దగ్గరికి పోయి, ఇద్దరం అరుగు మీద కూర్చుని బీడీలు చుడుతున్నాం.

నీ చదువు గురించి వాడలో అడుగుతూనే ఉన్నారు. మొన్న పక్కింటి యమునాబాయి పట్టుకుంది. నీకు తెలుసుగా, ఆమె సగం మరాఠీ, సగం తెలుగు.

"తుజా భావు ఇంజినీర్ హోణార్ నా? నీ తమ్ముడు ఇంజినీర్ అయితడంట గద, అంటే వంతెనలు కడ్తడా?" అన్నది.

"వంతెనలు గాదు. మనం రోజూ వాడే సామాన్లు, చిన్న చిన్న మిషన్లు ఎట్లుండాల్నో గీస్తడు. మన చేతికి, కాలికి సరిపడేటట్టు గియ్యాలె. గదే వాని చదువు" అన్నాను.

"అరె! గీసుడు గూడ చదువేనా?"

దీపావళికి వచ్చినప్పుడు నువ్వు చెప్పిందే చెప్పాను. వస్తువే మనిషికి సర్దుకోవాలని, ఆ సంగతి నేర్పడానికి మీ కాలేజీలో ఒక సారు ఉన్నారని. ఆమె కాసేపు ఆలోచించి, "అయితె మా అత్తను గూడ నాకు సర్దుకునేటట్టు గియ్యమని జెప్పు" అన్నది. అమ్మ ఎంత నవ్విందంటే ఒళ్లో చాటలో ఉన్న పొగాకు సగం కింద పడింది.

నీ ఎనిమిదో తారీకు ఉత్తరం అందింది. నా పోయిన ఉత్తరాన్ని మీ సారు క్లాసులో అందరికీ చదివి వినిపించారని రాశావు. నువ్వు గీసి చేసి, దీపావళికి అమ్మకు తెచ్చిచ్చిన బీడీ ఆకు కత్తిరించే మిషన్ లాంటివే ఇంకో ఇరవై చేయిస్తున్నారని, ఫిబ్రవరి నెలాఖరుకు కాలేజీ ప్రదర్శనలో పెట్టి, తర్వాత బొంబాయిలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు పంచుతారని రాశావు. నీ చివరి ఏడాది పరీక్షకు ఆ మిషనే ముఖ్యమని కూడా రాశావు. ఆ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. తర్వాత మడిచి పెట్టాను. పది రోజుల నుంచి జవాబు రాయలేదు. అదే ఈ ఆలస్యానికి కారణం.

నువ్వు ఆరు ప్రశ్నలు అడిగావు. చెబుతాను.

మిషన్ చెక్క తడికి ఉబ్బిందా అన్నావు. కొంచెం ఉబ్బింది. నాయన చిత్రిక పట్టి సరిచేశాడు.

పీట ఎత్తు సరిపోయిందా అన్నావు. సరిపోలేదు. అమ్మ పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి నేల మీద కూర్చుని పని చేసింది. మిషన్ కాలితో తొక్కాలి కాబట్టి పీట ఎక్కాలి. పీట మీద కూర్చుంటే ఒడి వాలుగా అవుతుంది, చాట నిలవదు. చాట కింద పెడితే ఒక్కో ముక్కకూ వంగాలి.

ఒక్కో ఆకుకు ఎన్ని ముక్కలు వస్తున్నాయి అన్నావు. నువ్వు బాధపడినా సరే, ఉన్నది రాస్తాను. కత్తెరతో అయితే అమ్మ ఆకును చేతిలో తిప్పుతుంది. ఈనె ఎటుంది, చిల్లి ఎక్కడుంది చూసుకుని, రేకు అచ్చును ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పెట్టి, మూడు ముక్కలు తీస్తుంది. నీ మిషన్ కత్తి ఎప్పుడూ ఒకే చోట, ఒకే తీరున దిగుతుంది. రెండే వస్తాయి. కార్ఖానా వాళ్లు ఆకు తూచి ఇచ్చి, బీడీలు లెక్కబెట్టి తీసుకుంటారు. సాయంత్రానికి ఆకు అయిపోయేది, బీడీలు తక్కువ పడేవి. మిషన్ తొందరగా కత్తిరిస్తుందన్న మాట నిజమే. కానీ ఆకు కూడా అంత తొందరగానే అయిపోతుంది.

అమ్మ మొత్తం ఎన్ని రోజులు వాడింది అన్నది నీ నాలుగో ప్రశ్న. మూడు రోజులు, తమ్ముడూ. మూడే రోజులు. మిగతా రెండు ప్రశ్నలకు ఇక జవాబు అక్కర్లేదు.

నువ్వు దీపావళి సెలవుల్లో మిషన్ బిగించి, పది ఆకులు కత్తిరించి చూపించి, బండెక్కి పోయిన మూడో రోజు మధ్యాహ్నం. నేను పక్కనే ఉన్నాను. తడి ఆకు ఒకటి కత్తికి అంటుకుంది. అమ్మ ఎడమచేతి చూపుడువేలితో దాన్ని ఊడదీయబోయింది. అప్పటికే కాలికి అలవాటై పోయింది కదా, అది నొక్కేసింది. కత్తి దిగింది. అమ్మ అరవలేదు. "శాంతా, గుడ్డ ఇయ్యి బిడ్డా" అన్నది అంతే. నేను తలెత్తి చూసేసరికి ఆకులన్నీ ఎర్రగా ఉన్నాయి. వేలి కొస సగం గోరుతో సహా పోయింది.

నాయన మగ్గం దిగి పరుగెత్తి వచ్చాడు. దవాఖానాలో కట్టు కట్టారు. పద్దెనిమిది రోజులు అమ్మ బీడీ ముట్టలేదు. ఆమె వంతు కూడా నేనే చుట్టాను. ఇప్పుడు పుండు పూర్తిగా మానింది. కొత్త తోలు వచ్చింది, ఎప్పటిలాగే చుడుతోంది. ఈ మాట ఒట్టేసి చెబుతున్నాను, నమ్ము.

ఆ రోజే నీకు రాద్దామని కలం తీశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"రాయకు. వేలు పోలేదు గద, కొస పోయింది. వాని పరీక్ష పోతె మళ్ల వస్తదా?"

"రేపు ఇంకెవరి వేలన్న పోతె?" అని నాయన అడిగాడు.

"వేరెవరి దగ్గర ఉన్నదయ్యా ఆ మిషను? మన ఇంట్లనే గద ఉన్నది. కత్తి ఇప్పి అటక మీద పెట్టు" అన్నది.

నాయన కత్తి విప్పి అటక మీద పెట్టాడు. మేం ముగ్గురం నోరు మూసుకున్నాం. డిసెంబర్‌లో నీకు పోయిన ఉత్తరం అలా పోయింది.

ఇక ఆ తర్వాత జరిగింది విను. ఇది సంతోషంగా రాస్తున్నాను.

వేలికి కట్టుతో ఖాళీగా కూర్చున్న రోజుల్లో అమ్మకు తోచక, కత్తి లేని ఆ మిషన్ ముందు కూర్చుని ఊరికే కాలితో నొక్కేది. వదిలేది. మళ్లీ నొక్కేది. ఒకరోజు నాయన చూశాడు.

"ఏమే, ఇంక దానితోని ఏం పని నీకు?"

"ఇగో, ఇటు చూడు. నొక్కేది నేనే. లేసేది అదే లేస్తున్నది, తనంత తానే. నా కత్తెర ఇట్ల లేస్తె ఎంత సుఖముండు! నొక్కినప్పుడు నాకు నొప్పి లేదయ్యా. మళ్ల తెరిచేటప్పుడే బొటనేలు గుంజుతది. పొద్దుందాక ఎన్నిసార్లు తెరవాల్నో లెక్క ఉన్నదా?"

నాయన వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "ఇరవై ఏండ్లాయె నువ్వు ఆకు కత్తిరించవట్టి. ఈ మాట ఎన్నడన్న చెప్పినవా?" అన్నాడు.

"ఎవరన్న అడిగిన్రా?" అన్నది అమ్మ.

నీ ఉత్తరం వచ్చాక ఆ మాట గుర్తొచ్చి, నేను నీ ఆరు ప్రశ్నలు మళ్లీ తీసి చూశాను, తమ్ముడూ. అన్నీ మిషన్ గురించే. ఎక్కడ నొస్తున్నదని అందులో లేదు. తప్పు పట్టడం లేదు. ఆమె పక్కన కూర్చుని ఇన్నేళ్లు బీడీలు చుట్టిన నేనూ అడగలేదు.

మరుసటి ఆదివారం నాయన పని మొదలుపెట్టాడు. నీ మిషన్‌లోని స్ప్రింగు కాలి బలానికి పెట్టింది, కత్తెరకు పెడితే నొక్కడమే కష్టమైంది. అప్పుడు మూలన పడ్డ పాత అలారం గడియారం విప్పి, అందులో చుట్టగా ఉండే పల్చటి ఉక్కు పట్టీని ముక్కగా విరిచి, కత్తెర రెండు పిడుల మధ్య వంపుగా పెట్టి దారంతో కట్టాడు. మొదటి ముక్క టప్పున ఎగిరి పొగాకులో పడింది. అరగంట వెతికాం. రెండోది మరీ బిగువైంది. మూడోదానికి రెండు చివర్లా చిన్న రంధ్రాలు పెట్టించి మేకులతో బిగించాడు. అమ్మ చేతికిచ్చాడు. నొక్కింది, ఆకు తెగింది. వదిలింది, కత్తెర దానంతట అదే నోరు తెరిచింది. అమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసి, "చాంగ్లా ఉన్నది, మంచిగున్నది" అని మాత్రం అన్నది. నాయన ఇంకేమైనా అంటుందేమో అని నిలబడి, తర్వాత పోయి మగ్గం ఎక్కాడు.

వారం తర్వాత సాయంత్రం నేను ఎప్పటిలాగే అమ్మ తల దువ్వడానికి దువ్వెన తీసుకుని వెళ్లాను. నువ్వు గమనించావో లేదో, ఏడాదిగా ఆమె తల నేనే దువ్వుతున్నాను. బొటనవేలితో దువ్వెన పట్టలేకపోయేది. నేను వెళ్లేసరికి గడపలో కూర్చుని తనే దువ్వుకుని, కొప్పు పెట్టుకుంటోంది. నన్ను చూసి, "నీ పని ఒకటి తగ్గిందే" అన్నది. నేను లోపలికి పోయి కాసేపు పొయ్యి ముందు కూర్చుని వచ్చాను.

ఇప్పుడు మన వరుసలో ఐదు కత్తెరలకు నాయన స్ప్రింగులు బిగించాడు. మొదటిది యమునాబాయికి. కొంతం చౌక్‌లో గడియారాలు బాగు చేసే ఆయన దగ్గర పనికిరాని స్ప్రింగులన్నీ మనింటికే వస్తున్నాయి. కత్తెరను కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి, స్ప్రింగు ఎక్కడ ఎలా వంగుతుందో నాకు చేతనైనట్టు చూపించి ఇందులో పెట్టాను. నా గీతలు చూసి నవ్వకు.

ఇక ఒక మాట మిగిలింది. ఇంతవరకు రాసిన దానికంటే రాయడానికి కష్టమైన మాట.

నీకు పోయిన ఉత్తరంలో అమ్మ రాయమన్నది ఒకటే వాక్యం. "మిషన్ బాగున్నది, మేం బాగున్నం" అని. మిగిలిందంతా నాదే. రోజంతా కత్తిరించే ఆకు గంటలో అయిపోతున్నదని రాసింది నేను. వాడలో ఆడవాళ్లంతా వరుస కట్టి చూస్తున్నారని రాసింది నేను. మీ సారు క్లాసులో చదివి వినిపించింది ఆ వాక్యాలే. అమ్మ నీ పరీక్ష కోసం దాచింది. నేను అందుకు మాత్రమే రాయలేదు. నా తమ్ముడు బొంబాయిలో మిషన్ చేశాడని అప్పటికే అందరికీ చెప్పుకున్నాను. నీళ్ల కొళాయి దగ్గర చెప్పాను, కార్ఖానాలో చెప్పాను. అది పనికిరాలేదని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. కాగితం మీదనైనా అది పనిచేయాలని రాసుకుంటూ పోయాను. నువ్వు దాన్ని నమ్ముతావని, మీ సారూ నమ్మి ఇరవై చేయిస్తారని అనుకోలేదు. నీ ఉత్తరం చదివిన రోజు నుంచి నాకు ఇరవై మంది ఆడవాళ్ల వేళ్లే కనబడుతున్నాయి.

నన్ను ఏమన్నా పడతాను. ఈ ఉత్తరం అందిన రోజే సారు దగ్గరికి పోయి ఆ పని ఆపించు. ఇది మాత్రం రేపటికి పెట్టకు. నీ ఏడాది పోతుందేమోనని నాకూ భయంగానే ఉంది. అయినా ఆపించు.

ఇక్కడిదాకా రాసి, అమ్మకు చెప్పకుండా పోస్టు చేయడం మళ్లీ ఇంకో దొంగతనం అనిపించింది. పోయి మొత్తం చదివి వినిపించాను. నాయన కూడా మగ్గం ఆపి విన్నాడు. వేలి సంగతి వచ్చినప్పుడు అమ్మ నా వైపు చూసింది కానీ ఆపలేదు. చివరి మాట అయ్యాక ఒళ్లోని ఆకులు సర్ది పక్కన పెట్టింది.

"ఇరవై చేస్తున్నరా?" అన్నది.

"అవునమ్మా."

"అయితె నువ్వు రాసింది మంచిదే. కని కాయితం చదివితె ఆ సారుకు ఏం ఎరుకైతది? మొన్న గూడ కాయితమే గద చదివిండు. నేనే పోత."

"బొంబాయికా? బండి ఎక్కితెనే నీకు కడుపుల తిప్పుతది" అన్నాడు నాయన.

"తిప్పనియ్యి."

మిషన్‌ను కత్తితో సహా తెస్తుందట. కత్తెర కూడా తెస్తుందట. సారు ముందు కూర్చుని రెండింటితోనూ కత్తిరించి చూపిస్తుందట. మిషన్ జోలికి పోవద్దని నాయన గట్టిగా అంటే, "ఆకు అంటుకుంటె ఏమైతదో సారు చూడొద్దా? ఈసారి వేలు పెట్ట, పుల్ల పెడ్త" అన్నది. ఇంకా ఏమన్నదో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "కొడుకు తప్పు చేసిండని చెప్పుటానికి గాదు నేను పోయేది. వాని స్ప్రింగు లేకుంటె నాకీ ఉపాయమే తట్టకపోవు. అది గూడ సారుకు నేనే చెప్త."

నాయన అప్పుడే అటక ఎక్కి కత్తి దించాడు. వచ్చే ఆదివారం రాత్రి బండికి ఇద్దరూ బయలుదేరి, సోమవారం పొద్దున దాదర్‌లో దిగుతారు. స్టేషన్‌కు రా. తడిపిన ఆకు గోనెలో చుట్టి తెస్తారు, అది ఎండకుండా ఒక బకెట్ నీళ్లు చూసి పెట్టు. అమ్మ కుర్చీలో కూర్చోదు. సారు గదిలో కిటికీ వెలుతురు పడేచోట, నేల మీద చాప పరిచేంత జాగా అడిగి ఉంచు.

ఇట్లు,
ఈసారి ఒక్క మాటా కల్పించకుండా రాసిన
నీ అక్క
శాంత