ముఖం కనిపించే కార్డు

నా బంగారు వదినకి,

నీ ఉత్తరం అందింది, అందులోని తిట్లూ అందాయి. "కుట్టుషాపు గోడకి తగిలించుకుంటాను, ఒక్క ఫొటో పంపవే" అని నువ్వు అడుగుతూనే ఉన్నావు, నేను పని ఎక్కువైందని రాస్తూనే ఉన్నాను. అది వట్టి సాకు. అసలు సంగతి ఈ రోజు చెప్పేస్తాను. కానీ ముందు ఆఫీసు గోల చెప్పనీ, రెండూ ముడిపడే ఉన్నాయి.

మా ఆసుపత్రికి కొత్త ఐడీ కార్డుల ప్రింటరు కొనాలి. ఏది కొనాలో తేల్చే పని సూపరింటెండెంటు గారు నా నెత్తిన పెట్టారు. "కార్డుల సెక్షన్లో కూర్చునేది నువ్వే కదమ్మా, నువ్వే చూసుకో" అన్నారు. ఇక్కడ అందరూ మాటిమాటికీ చేతులకి శానిటైజర్ రాసుకుంటారు. ఆ తడి చేతులతో మెళ్ళో కార్డు పట్టుకుంటారు. కొన్నాళ్ళకి నర్సుల కార్డుల మీద పేరుంటుంది, మనిషి ఉండదు. అదొక తంటా. రెండోది ఇంకా పెద్దది. నాలాంటి రంగువాళ్ళ ఫొటోని పాత మిషను అచ్చువేస్తే ముక్కూ మూతీ ఏమీ తెలియవు. నల్లటి మరక, అందులో రెండు కళ్ళు, అంతే. ఈమధ్య గేటు దగ్గర కొత్త రూలు పెట్టారు. కార్డు మీది ముఖం ఎదుట ఉన్న ముఖంతో సరిపోతేనే లోపలికి వదులుతారు. లేకపోతే పక్కన నిలబడాలి, ఎవరో వచ్చి "మనవాళ్ళే" అనాలి. ఈలోగా ఆ పూట హాజరు పోతుంది. డాక్టర్లని వాచ్‌మన్ ఎలాగూ ఆపడు. ఆగేది ఆయమ్మలు, వార్డులు తుడిచేవాళ్ళు.

ప్రింటర్లు అమ్మేవాళ్ళు ముగ్గురు వచ్చారు. ముగ్గురి నమూనా కార్డుల మీదా ఒకే రకం అమ్మాయి, పాలమీగడలా తెల్లగా, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. "ఈవిడ మా దగ్గర పనిచెయ్యదండీ, నా ఫొటో వేసి చూపించండి" అన్నాను. మొదటాయన వేశాడు. మళ్ళీ మరకే! ఆయనేం తడబడలేదు. "ఫొటోని కాస్త తెల్లగా చేసి వేస్తే సరి మేడమ్, మీరే ఇంకా అందంగా వస్తారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు అమ్మేది మిషనా, సున్నమా?" అన్నాను. సెక్షనంతా నవ్వింది. నేను మాత్రం బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

ఎందుకంటే ఆ మాట అంతకుముందే ఒకసారి విన్నాను వదినా. నీ నోట విన్నాను.

పదో తరగతి పరీక్షకి ఫొటో కావాలని నన్ను స్టూడియోకి తీసుకెళ్ళావు. నేను బయట బెంచీ మీద ఉన్నాను. లోపల నువ్వు ఫొటోగ్రాఫరుతో "పిల్లని కాస్త తెల్లగా చెయ్యి బాబూ" అన్నావు. అన్నయ్య నిన్ను పెళ్ళి చేసుకుని తెచ్చేసరికి నేను తల్లి లేని పిల్లని. నా తల దువ్వింది నువ్వు, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్నది నువ్వు. నువ్వు కుట్టుమిషను తొక్కితే నేను చదువుకున్నాను. ఈ ఉద్యోగం, ఈ నాలుగు అక్షరాలు, అన్నీ నీ చలవే. ఏం చేసినా నీ రుణం తీరదు. వీధిలో ఎవరేమన్నా నాకు లెక్కలేదు. కానీ కాకిపిల్ల కాకికి ముద్దంటారే, నీకు కూడా నేను ముద్దు కాలేదేమోనని ఆ రోజు నుంచి లోపల ఒక ముల్లు. ఫొటో పంపనిది అందుకే. ఇక పంపను కూడా. నన్ను అడగవద్దు.

నువ్వు పెంచిన,
పిట్ట

వదినా,

నా ఉత్తరం వెళ్ళి నెల దాటింది, నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. కోపం వచ్చి ఉంటుంది. రావాల్సిందే. ఇప్పుడు నేను రాసేది చదివాక ఇంకో నాలుగు తిట్టు, పడతాను.

ఆ ఉత్తరం పోస్టు చేసిన వారంలోనే పిల్లల వార్డు ఆయమ్మ ఏడుస్తూ సెక్షనుకి వచ్చింది. గేటు దగ్గర మళ్ళీ ఆపేశారు. ఇంకొక్కసారి ఆలస్యమైతే పనికి రానక్కర్లేదని ఆమెని పెట్టుకున్న కాంట్రాక్టరు చెప్పేశాడట. "నా మొహం నేనే ఎదురుగా పెట్టుకు నిలబడితే, నువ్వు నువ్వు కాదంటారేంటమ్మా?" అంది. కొత్త మిషను ఇంకా తేలలేదు. పాతదాంట్లో మాకున్న ఉపాయం ఒక్కటే, వెలుతురు పెంచడం. ఆపరేటరు ఏం చెయ్యమంటారని నా వైపు చూశాడు. నా నోటినుంచి ఏ మాట వచ్చిందో తెలుసా? "కాస్త తెల్లగా చెయ్యి బాబూ." అచ్చం నీ గొంతే!

ఆమె రంగు నాకు వంకగా కనపడి అన్నానా? ఆ తల్లి పని పోకూడదని అన్నాను. ఉపాయం ఒక్కటే ఉన్నప్పుడు మనిషి ఇంకేం చేస్తుంది? కార్డు మీద ముక్కూ గడ్డమూ తెలిశాయి. ఆయమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. వాచ్‌మన్ ఆపలేదు. నీకూ ఆ రోజు ఏదో కారణం ఉండే ఉంటుంది వదినా. ఒక్కసారైనా అడగకుండా ఇన్నేళ్ళూ మనసులో నిన్ను దోషిలా నిలబెట్టాను. నువ్వు చేసినవన్నీ తక్కెడలో ఒకవైపు వేసి, ఆ ఒక్క మాట రెండోవైపు వేసి చూశాను. ఎంత బుద్ధితక్కువ!

ప్రింటరు సంగతి కూడా విను. మొదటాయనకి దండం పెట్టి పంపేశాను. మిగతా ఇద్దరి మిషన్లలో నా ఫొటో, సూపరింటెండెంటు గారి ఫొటో వేయించి, ఆ కార్డుల్ని ఆపరేషన్ థియేటర్ నర్సుల చేతికిచ్చాను. మీరు శానిటైజర్ రాసుకున్నప్పుడల్లా దాంతో వీటినీ తుడవండి అన్నాను. ఒక మిషను చూడ్డానికి రాజాలా ఉంది, టకటకా వేసి పడేస్తుంది. రెండో వారానికి దాని కార్డు మీద సూపరింటెండెంటు గారి ముక్కు మాయం. ఆయన కళ్ళజోడు సర్దుకుని "నా ముక్కేదమ్మా?" అన్నారు. "శానిటైజర్ తినేసిందండీ" అన్నాను. రెండోది నెమ్మది. ముందు బొమ్మని పల్చటి ఫిల్ము మీద వేసుకుని, తర్వాత దాన్ని వేడితో కార్డుకి అతికిస్తుంది. నువ్వు కాలరులోపలి గుడ్డని ఇస్త్రీతో అతికిస్తావే, అలాగ. బొమ్మ చెరగలేదు. నా నలుపు నలుపుగానే ఉంది, ముక్కూ మూతీ దేనికది తెలిసింది. మాకు రోజూ వందల కార్డులు కావాలా ఏమన్నా, వేగం ఏం చేసుకుంటాం? పాడైతే బాగుచేసే మనిషి ఊళ్ళోనే ఉన్నాడా అని కూడా అడిగి మరీ ఖాయం చేశాను. సూపరింటెండెంటు గారు మారుమాట లేకుండా సంతకం పెట్టారు.

మిషను నిన్న వచ్చింది. మొదటి కార్డు నాది వేయించుకున్నాను. ఇంకోటి వేయించి ఇందులో పెడుతున్నాను. తెల్లగా చెయ్యలేదు. గోడకి పెట్టుకుంటావో సొరుగులో పెట్టుకుంటావో నీ ఇష్టం. నువ్వు లేకపోతే ఈ ముఖం ఏ కార్డు మీదా ఉండేది కాదు.

ఎప్పటికీ నీదే అయిన,
పిట్ట

పిట్టా,

మీ అన్నయ్యా నేనూ మా చెల్లెలి కాన్పుకి వెళ్ళి మొన్ననే వచ్చాం. నీ ఉత్తరాలు రెండూ తలుపు సందులో ఉన్నాయి. మొదటిది చదివి ముద్ద దిగలేదు. రెండోది చదివి మీ అన్నయ్య మీద అరిచాను. ఎందుకంటే ఏం చెప్పను, దగ్గర్లో ఉన్నాడు పాపం.

ఓసి పిచ్చిమొహమా! ముందు తీయించిన ఫొటోని మీ స్కూలువాళ్ళు తిప్పిపంపారే. "ఇందులో పిల్ల ఏదమ్మా? ముఖం తెలియకపోతే పరీక్ష రాయనివ్వరు" అన్నాడు హెడ్‌మాస్టరు. అది నీ చెవిన పడకూడదని, ఇస్త్రీపెట్టె తగిలి ఫొటో కాలిపోయిందని అబద్ధమాడి నిన్ను మళ్ళీ స్టూడియోకి లాక్కెళ్ళాను. ముఖం తెలిసేలా చెయ్యి నాయనా అని ఎన్నిసార్లు చెప్పినా ఆ మహానుభావుడి బుర్రకి ఎక్కలేదు. తెల్లగా చెయ్యి అనగానే ఎక్కింది. నా పని అయితే చాలనుకున్నాను.

రుణం గిణం అని పెద్ద మాటలు రాయకు. కొత్తగా కాపురానికొచ్చి ఆ ఇంట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే, నా పక్కన చేరి కొంగు పట్టుకున్నది నువ్వు. నీవల్లే నేను అక్కడ నిలిచాను. నేను నీకు చేశానంటావు గానీ, ముందు చేసింది నువ్వే.

కార్డు నా మిషను ఎదురుగా తగిలించాను. కొలతలకి వచ్చినవాళ్ళంతా "ఎవరీ పిల్ల, ముఖంలో ఎంత కళ!" అంటున్నారు. "మా ఆడపడుచు, ఆసుపత్రంతా దాని చేతిలోనే ఉంది" అని కోతలు కోస్తున్నాను.

అన్నీ రాశావు గానీ ఒకటి రాయలేదు. కొత్త మిషన్లో మొదటి కార్డు నీది వేసుకున్నావు, రెండోది నాకు పంపావు. మరి ఆ ఆయమ్మది? తెల్లగా చెయ్యి అని నువ్వన్నప్పుడు ఆవిడ అక్కడే ఉంది కదే. ఏమీ అనకుండా వెళ్ళిపోయిందని రాశావు. నువ్వూ ఆ రోజు స్టూడియో నుంచి ఇంటిదాకా ఏమీ అనకుండానే నడిచొచ్చావు. అలిసిపోయావనుకున్నాను నేను.

ఈ ఉత్తరం మడిచి పెట్టి లే. ఆవిడకి కొత్త కార్డు చేయించి చేతిలో పెట్టు. పెట్టి ఊరుకోకు, అలా ఎందుకన్నావో నోరు విప్పి చెప్పు. నేను నీకు చెప్పలేదు.

మీ వదిన